చివరి ముద్ద నుంచి లెక్కపెట్టండి: పొట్ట తగ్గించే ఆపరేషన్ తర్వాత నిద్ర వేళలు

ఒడిశాలోని బరంపురంలో బట్టల కొట్టు నడిపేవాడికి రాత్రి భోజనం పదిన్నరకు ముందు కుదరదు. తొమ్మిదిన్నరకు షట్టర్ దించి, లెక్క సరిచూసుకుని, ఇంటికి చేరి స్నానం చేసి, కంచం ముందు కూర్చునేసరికి అంత వేళవుతుంది. చేయి కడుక్కున్న పావుగంటకు పడక. ఇరవై రెండేళ్లు అలా గడిపేసరికి నా బరువు 126 కిలోలు. షుగరు, బీపీ, పక్కింటివాళ్లకు కూడా వినిపించే గురక. చివరికి విశాఖపట్నం వెళ్లి స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్నాను. జీర్ణాశయంలో ముప్పాతిక భాగం తీసేసి, మిగిలినదాన్ని అరటికాయంత సన్నని గొట్టంగా మిగిల్చే ఆపరేషన్ అది.

ముందు తిండి గురించి డాక్టరుగారిని విసిగించాను. ఎన్నాళ్లకు అన్నం, ఎన్నాళ్లకు ఆవకాయ అని. నిద్ర గురించి ఒక్క మాట అడగలేదు. ఇంటికి వచ్చాక నన్ను కష్టపెట్టినవన్నీ రాత్రిపూటవే: గొంతులోకి ఎగదన్నే పులుపు, భుజం నొప్పి, అర్ధరాత్రి దాహం, పగలంతా కునికిపాట్లు. ఆ తర్వాత గుణుపురం నుంచి, రాయగడ నుంచి, పర్లాకిమిడి నుంచి ఇదే ఆపరేషన్‌కు వెళ్లే మనవాళ్లు ఫోను చేసి అడుగుతుంటే చెప్పినదే ఇక్కడ వరసగా రాస్తున్నాను. మీ సర్జన్ మాట దీనికి భిన్నంగా ఉంటే సర్జన్ మాటే వినండి. మీ పొట్టలో ఏం జరిగిందో చూసినవారు ఆయనే.

నేను చెప్పదలచినది ఒకటే. పడుకునే వేళను ముందు పెట్టుకోకండి. చివరి ముద్ద వేళను ముందు పెట్టుకోండి. నిద్ర, నీళ్లు, మందులు, టీ అన్నీ దాన్నిబట్టి సర్దుకుంటాయి.

1. ఆపరేషన్‌కు నెల ముందు: గురక సంగతి తేల్చుకోండి

బరువు ఎక్కువున్నవారిలో గురకతోపాటు నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు చాలామందికి ఉంటుంది. గొంతు వెనక మెత్తని భాగాలు వాలిపోయి గాలి దారి మూసుకుంటుంది. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు ఉలిక్కిపడి లేపుతుంది, మళ్లీ కునుకు. రాత్రంతా ఇదే. పడుకున్నవాడికి ఇదేమీ తెలియదు, పక్కన పడుకున్నవారికే తెలుస్తుంది. "ఊపిరి ఆగి, పెద్దగా లాగి, మళ్లీ గురక మొదలుపెడతారు" అని మా ఆవిడ ఏళ్ల తరబడి చెబుతుంటే నేను నవ్వి ఊరుకున్నాను.

పగలు కూర్చున్నచోటే కునుకు పట్టడం, పొద్దున లేస్తూనే తలనొప్పి, మందులకు లొంగని బీపీ ఉంటే నిద్ర పరీక్ష చేయించుకోండి. ఇప్పుడు ఇంట్లోనే ఒక రాత్రి వేలికి, ఛాతీకి తీగలు తగిలించుకుని పడుకుంటే సరిపోయే పరీక్షలు కూడా ఉన్నాయి. జబ్బు ఉందని తేలితే సీప్యాప్ మిషన్ ఇస్తారు. మాస్కులోంచి ఒత్తిడితో గాలి పంపి గొంతు దారిని తెరిచి ఉంచే యంత్రం అది. ఆపరేషన్‌కు ముందు కొన్ని వారాలైనా దానితో నిద్రపోవడం అలవాటు చేసుకోవాలి. మత్తు ఇచ్చే డాక్టరుకు ఈ సంగతి తప్పకుండా చెప్పాలి. మత్తు, గట్టి నొప్పి మందులు గొంతు కండరాలను ఇంకా వదులు చేస్తాయి కాబట్టి, ఈ జబ్బు దాచినవాడికి ప్రమాదం ఆపరేషన్ బల్ల మీద కంటే ఆ రాత్రి వార్డులోనే ఎక్కువ.

ఆస్పత్రికి వెళ్లేటప్పుడు మీ మిషన్, మీ మాస్కు మీరే తీసుకెళ్లండి. ఒక పొడవాటి ఎక్స్‌టెన్షన్ బోర్డు కూడా. మంచానికి దగ్గరగా ప్లగ్గు ఉంటుందని నమ్మి వెళ్లి నేను మొదటి రాత్రి తిప్పలు పడ్డాను.

రాత్రి భోజనం జరపడం కూడా ఈ నెలలోనే మొదలుపెట్టండి. పదిన్నర భోజనాన్ని ఒక్కరోజులో ఏడున్నరకు తెస్తే పదింటికి మళ్లీ ఆకలేస్తుంది. రెండు రోజులకోసారి పావుగంట ముందుకు జరపండి. మూడు గంటలు జరగడానికి ఇరవై నాలుగు రోజులు పడుతుంది. ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు కాలేయం చిన్నదవడానికని చాలాచోట్ల ద్రవాహారం పెడతారు. ఆ రోజుల్లో వేళ జరపడం ఇంకా తేలిక. ఎలాగూ నోరు కట్టేసుకున్నాక ఎన్నింటికి తాగితేనేం! నేను ఏడున్నరకు క్యారియరు కొట్టుకే తెప్పించుకున్నాను. గల్లాపెట్టె పక్కన కూర్చుని తినడం మొదట్లో నామోషీ అనిపించింది. ఇప్పుడు బజారులో మరో ఇద్దరు అదే పని చేస్తున్నారు.

2. పడక సిద్ధం చేసుకోండి

వేసవిలో మన ఇళ్లలో నేలమీద చాప పరుచుకుని పడుకోవడం మామూలే. మొదటి నెలన్నర ఆ సుఖం మరచిపోండి. నేలమీంచి లేవాలంటే పొట్ట కండరాలన్నీ బిగించాలి. మంచం కావాలి, ఎత్తు మోకాళ్ల దాకా ఉంటే మంచిది.

తల, వీపు రెండూ కలిపి ముప్పై నుంచి నలభై ఐదు డిగ్రీల వాలుగా ఉండాలి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు నాలుగు దిండ్లు ఒకదానిమీద ఒకటి పేర్చడం. అలా చేస్తే మెడ మాత్రమే లేస్తుంది, నడుము దగ్గర పొట్ట మడతపడుతుంది, తెల్లారేసరికి కిందికి జారిపోయి ఉంటారు. నడుము దగ్గర నుంచే ఎత్తు మొదలవ్వాలి. వాలుగా ఉండే గట్టి నురగ దిండు దొరికితే సరే. లేకపోతే మంచం తల వైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి, పైన ఒక బొంత మడత వేయండి. మొదటి నాలుగైదు రాత్రులు నేను మా నాన్న పడక కుర్చీలోనే నిద్రపోయాను. మంచం కంటే అదే హాయిగా ఉంది.

లేచేటప్పుడు నేరుగా లేవకండి. పక్కకు ఒత్తిగిలి, కాళ్లు కిందికి వదిలి, మోచేతితో నెట్టుకుంటూ లేవండి. నొప్పి లేకపోతే మొదటి కొద్ది రోజుల్లోనే పక్కకు తిరిగి పడుకోవచ్చు. ఎడమవైపు పడుకుంటే పులుపు ఎగదన్నడం తక్కువ. బోర్లా పడుకోవడం మాత్రం నాలుగు నుంచి ఆరు వారాలు వద్దు.

3. ఆస్పత్రి రాత్రులు, ఇంటిదారి

ఆస్పత్రిలో నిద్ర సరిగా పట్టదు. పట్టాలని ఆశించకండి. ముక్కలు ముక్కలుగా వస్తుంది, వచ్చినంత తీసుకోండి.

పొట్టలో కుట్లకంటే భుజం ఎక్కువ నొప్పి పెడితే కంగారు పడవద్దు. కెమెరాతో చేసే ఆపరేషన్‌లో పొట్టను ఉబ్బించడానికి కార్బన్ డయాక్సైడ్ వాయువు నింపుతారు. అందులో మిగిలినది ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే డయాఫ్రం కండరం కింద చేరి అక్కడి నరాన్ని రేపుతుంది. నొప్పి భుజంలో తెలుస్తుంది. నడిస్తే తగ్గుతుంది. మెలకువగా ఉన్నంతసేపూ గంటకో రెండు గంటలకో ఒకసారి వరండాలో నడవండి. కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టకుండా ఉండటానికీ నడకే ప్రధానం. ఊపిరి పీల్చి బంతులు లేపే ప్లాస్టిక్ పరికరం ఇస్తారు, దాన్నీ గంటకు పదిసార్లు వాడండి.

నొప్పికి పారాసిటమాల్ రాసిస్తారు. ఇంటికి వచ్చాక మందుల షాపులో "నొప్పి బిళ్ల" అని అడిగితే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి చేతిలో పెడతారు. అవి కొత్త కుట్ల దగ్గర పుండు చేస్తాయి. స్లీవ్ కాకుండా పొట్టకు బైపాస్ (తిండిని జీర్ణాశయంలో చాలా భాగం దాటించి పేగులోకి పంపే ఆపరేషన్) చేయించుకున్నవారికి మరీ ప్రమాదం. నిద్ర బిళ్లలూ అంతే, రాసిచ్చినవి తప్ప ముట్టవద్దు.

విశాఖ నుంచి బరంపురం రైలులో 275 కిలోమీటర్లకు పైగానే. కారులో జాతీయ రహదారి మీదుగా వస్తే ఒక పూట పడుతుంది. ఎలా వచ్చినా గంటకోసారి లేచి నాలుగు అడుగులు వేయాలి. కారులో వస్తే శ్రీకాకుళం దగ్గర, పలాస దగ్గర, ఇచ్ఛాపురం దగ్గర తప్పనిసరిగా దిగండి. పగటి ప్రయాణమే పెట్టుకోండి. రాత్రి బండిలో పడుకుని వచ్చేయవచ్చని ఇంట్లోవాళ్లు అంటారు. పడుకోవడమూ ఉండదు, నడవడమూ ఉండదు.

4. ఇంటి గడియారం: వెనక నుంచి ముందుకు

ఇక అసలు పని. రాత్రి పదింటికి పడక అనుకుందాం. చివరి ముద్దకు, పడకకు మధ్య కనీసం మూడు గంటల ఎడం కావాలి. అంటే ఏడింటికి కంచం వదిలేయాలి. స్లీవ్ తర్వాత జీర్ణాశయం సన్నని గొట్టం, లోపల ఒత్తిడి ఎక్కువ. నిండిన గొట్టాన్ని అడ్డంగా పడుకోబెడితే లోపలిది పైకి రావడం సహజం. పడుకోవడం తొమ్మిదికైతే ఆరింటికి, పదకొండుకైతే ఎనిమిదికి ముగించండి.

తర్వాత నీళ్లు. రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్ల ద్రవాలు లోపలికి వెళ్లాలి. ఒకేసారి గ్లాసెడు తాగే పొట్ట ఇక లేదు. పొద్దున ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా పదిహేను గంటలు. లీటరున్నరను పంచితే గంటకు 100 మిల్లీలీటర్లు, అంటే ఇంట్లో స్టీలు గ్లాసులో సగం. మొదటి వారాల తర్వాత గట్టి తిండి మొదలయ్యాక, ముద్దకూ గుక్కకూ మధ్య అరగంట ఎడం ఉండాలి. కాబట్టి మిగిలిన గంటల్లో కొంచెం ఎక్కువే తాగాలి. పగలు కొట్టులో బేరాల మధ్య ఈ గుక్కలు మరచిపోయానంటే ఆ అప్పు రాత్రి తీర్చాల్సి వచ్చేది. తొమ్మిదింటికి దాహంతో గబగబా తాగడం, పది నుంచి పులుపు, ఒంటిగంటకు బాత్రూము, మళ్లీ నిద్ర పట్టక తెల్లారడం. రాత్రి నిద్ర పగటి సీసాలోనే ఉందని నాకు మూడో వారానికి తెలిసింది. ఫోనులో గంటగంటకూ గంట మోగేలా పెట్టుకున్నాను. మా గుమాస్తా దాన్ని "గుడి గంట" అనేవాడు.

నా రోజు ఇలా స్థిరపడింది. మీది ఇలాగే ఉండాలని లేదు.

ఐదున్నరకు మెలకువ, గుక్క నీళ్లు, ఆమ్లం తగ్గించే బిళ్ల. అది టిఫినుకు కనీసం అరగంట ముందు పడాలి. ఆరింటికి నడక. ఏడింటికి టిఫిను. పదిన్నరకు ఐరన్ బిళ్ల. మధ్యాహ్నం పన్నెండున్నరకు భోజనం, దాంతో ఒక కాల్షియం బిళ్ల. నాలుగింటికి మజ్జిగో, పప్పు కట్టో, గుడ్డు తెల్లసొనో. ఏడులోపు రాత్రి భోజనం, రెండో కాల్షియం. ఎనిమిదిన్నర దాకా గుక్కలు. తొమ్మిది తర్వాత బిళ్ల మింగడానికి తప్ప నీళ్లు లేవు. పదికి దీపం ఆర్పడం.

ఐరన్‌కూ కాల్షియంకూ మధ్య రెండు గంటల ఎడం ఉండాలి, ఒకటి ఇంకోదాన్ని ఒంటికి పట్టనివ్వదు. టీ కూడా ఐరన్‌కు శత్రువే. ఆపరేషన్ తర్వాత మొదటి వారాలు టీ, కాఫీ మానమంటారు. మళ్లీ మొదలుపెట్టినా మధ్యాహ్నం పన్నెండు దాటాక వద్దు. కాఫీలో ఉత్తేజ పదార్థం సగం తగ్గడానికే ఐదారు గంటలు పడుతుంది. టీలోనూ అదే ఉంటుంది కాబట్టి, సాయంత్రం నాలుగింటి టీలోది రాత్రి పదికి కూడా సగం దాకా ఒంట్లోనే ఉంటుంది. మా బజారులో టీ లేకుండా బేరం కుదరదు. కప్పు తీసుకుని ముందు పెట్టుకుంటాను, తాగను.

5. పగటి కునుకులు

మొదటి రెండు వారాలు రోజుకు రెండుసార్లు కునుకు తీయండి, అరగంట నలభై నిమిషాలు. ఒంటికి గాయం మానే పని ఉంది, తిండి చాలా తక్కువ. ఆ నీరసం సోమరితనం కాదు. మూడు, నాలుగు వారాల్లో ఒకే కునుకు, మధ్యాహ్నం మూడులోపు, అరగంటకు మించకుండా. ఆ తర్వాత అవసరమైతేనే.

ఒరియా ఇళ్లలో పఖాళ, మన ఇళ్లలో చద్దన్నం తిని మధ్యాహ్నం రెండు గంటలు వాలిపోయే వేసవి అలవాటు అందరికీ తెలుసు. ఆ నిద్ర మధురమే. కానీ రాత్రి నిద్రను అదే తినేస్తుంది. పైగా తిన్నవెంటనే వాలడం కొత్త పొట్టకు పనికిరాదు. కునుకు కూడా భోజనానికి ముందైనా ఉండాలి, తర్వాత కుర్చీలో కూర్చునైనా ఉండాలి.

పొద్దుటి వెలుతురు నిద్రకు మందు. మనం దేశానికి తూర్పు వైపున ఉన్నాం. జూన్‌లో ఇక్కడ ఐదు దాటగానే సూర్యుడు వచ్చేస్తాడు. లేచిన గంటలోపు పావుగంట ఆరుబయట ఉంటే మెదడు లోపలి గడియారం సరిపడుతుంది, రాత్రి పదికి తానే ఆవలిస్తుంది.

6. మిషన్‌ను అటక ఎక్కించకండి

నెల తిరిగేసరికి పది కిలోలు తగ్గి, గురక సగం పోతుంది. మా ఆవిడ సంతోషించింది, నేను మిషన్ సర్దేశాను. పది రోజులకే మళ్లీ పగటి నిద్ర మొదలైంది. గురక తగ్గడం వేరు, ఊపిరి ఆగడం తగ్గడం వేరు. బరువు బాగా తగ్గాక, సాధారణంగా కొన్ని నెలల తర్వాత, మళ్లీ నిద్ర పరీక్ష చేసి డాక్టరు చెబితేనే ఆపాలి. ఈలోగా రెండు మార్పులు వస్తాయి. మొహం సన్నబడి మాస్కు వదులవుతుంది, పక్కలనుంచి గాలి కారి కళ్లు మండుతాయి. పాత ఒత్తిడి ఎక్కువై పొట్టలో గాలి చేరుతుంది. రెంటికీ పరిష్కారం మిషన్ మానడం కాదు, మాస్కు మార్చడం, ఒత్తిడి తగ్గించడం. గాలికి లోపలి కుట్లు విడిపోతాయేమోనని కొందరు భయపడతారు. ఈ యంత్రం వాడినవారిలో కుట్లు ఎక్కువగా విడిపోయిన దాఖలా లేదు.

తుపాను కాలం సంగతి వేరే చెప్పాలి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లాను ఊడ్చేసింది. రోజుల తరబడి కరెంటు లేదు. మీ ఆపరేషన్ అక్టోబరు, నవంబరుల్లో పడితే ఇన్వర్టర్ మీద మిషన్ ఎన్ని గంటలు నడుస్తుందో ముందే ఒక రాత్రి నడిపి చూడండి. తేమ పుట్టించే నీటి తొట్టి తీసేస్తే బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. అదీ లేని రాత్రి తల ఎత్తులో, పక్కకు తిరిగి పడుకోండి, మత్తు మందులేవీ వద్దు.

7. అర్ధరాత్రి లేపేవి

పులుపు: చివరి ముద్ద వేళను అరగంట ముందుకు జరపండి. వారంలో తగ్గకపోతే డాక్టరుకు చెప్పండి. స్లీవ్ తర్వాత ఇది కొందరిని వదలదు, దానికి వేరే చికిత్స ఉంది.

పడుకోగానే కాళ్లలో పురుగులు పాకినట్లుండి, కదిపితే గానీ ఊరుకోలేకపోవడం: ఐరన్ తక్కువైతే ఇలా వస్తుంది. హిమోగ్లోబిన్ ఒక్కటే చాలదు, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ కూడా చూడమని అడగండి.

చెమట, వణుకు, గుండెదడ: వెంటనే షుగరు చూసుకోండి. ఆపరేషన్ తర్వాత షుగరు రోజుల్లోనే పడిపోతుంది. పాత మోతాదు ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ లాంటి బిళ్లలు అలాగే వేసుకుంటే రాత్రి ప్రమాదం. బీపీ బిళ్లలూ అంతే, రాత్రి లేచి నిలబడగానే కళ్లు తిరిగితే మోతాదు తగ్గించాల్సి ఉంటుంది. బైపాస్ చేయించుకున్నవారిలో ఏడాది తర్వాత కూడా తీపి తిన్న ఒకటి నుంచి మూడు గంటలకు షుగరు పడిపోవడం ఉంది. రాత్రి భోజనంలో రసగుల్లా, ఛెనాపోడ లాంటి తీపి పెట్టుకుంటే సరిగ్గా పడక వేళకు అది మీద పడుతుంది.

వాంతులు రోజుల తరబడి ఆగకపోతే నిద్ర గురించి కాదు, బి1 విటమిన్ గురించి ఆలోచించాలి. నడక తూలినా, చూపు రెండుగా కనిపించినా ఆలస్యం చేయకండి.

వీటన్నిటికీ పైన కొన్ని ఉన్నాయి. పడుకుని ఉన్నా నాడి నిమిషానికి 120 దాటి ఉండటం, 100.4 డిగ్రీలకు మించిన జ్వరం, తగ్గకుండా పెరిగే పొట్ట నొప్పి, ఊపిరాడకపోవడం, ఒక పిక్క వాచి నొప్పి పెట్టడం. మొదటి రెండు వారాల్లో ఇవి కుట్లు కారుతున్నాయనడానికో, రక్తం గడ్డకట్టిందనడానికో గుర్తు కావచ్చు. తెల్లారనివ్వకండి. 108 ఒడిశాలోనూ పనిచేస్తుంది, ఆంధ్రలోనూ పనిచేస్తుంది. విశాఖ దాకా పరుగెత్తకుండా ముందు దగ్గరి పెద్ద ఆస్పత్రికి చేరండి. బరంపురం వారికైతే ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆస్పత్రి ఉంది. డిశ్చార్జి కాగితం, మందుల చీటీ ఒక సంచిలో పెట్టి తలుపు వెనక తగిలించి ఉంచండి. అక్కడి నుంచే మీ సర్జన్‌కు ఫోను చేయించండి.

8. రాత్రి డ్యూటీలు, జాతరలు, ముహూర్తాలు

రాయగడ పక్కన జేకేపూర్ కాగితపు మిల్లు మొదలుకొని రైల్వే దాకా మనవాళ్లలో షిఫ్టు ఉద్యోగులు చాలామంది. మొదటి ఆరు వారాలు పగటి డ్యూటీ అడిగి తీసుకోండి. తర్వాత రాత్రి డ్యూటీ తప్పకపోతే సూత్రం అదే, గడియారం మాత్రం తిరగబడుతుంది. ఉదయం ఎనిమిదికి పడుకునేవాడు ఐదు తర్వాత తినకూడదు. ఇంటికి వెళ్లేదారిలో నల్ల కళ్లద్దాలు, గదిలో మందపాటి తెర. సెలవురోజున మొత్తం తలకిందులు చేయకుండా కనీసం నాలుగు గంటల నిద్ర రోజూ ఒకే వేళకు పడేలా చూసుకోండి. కునికిపాట్లు తగ్గనంతకాలం బండి నడపకండి.

చైత్రంలో దండనాట, రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర. బరంపురంలో ఆ నెలరోజులూ రాత్రి పడుకునేవాడు ఉండడు. చూడాలనుంటే సాయంత్రం చూసి వచ్చేయండి, లేదా మధ్యాహ్నం గంటన్నర ముందే నిద్రపోయి వెళ్లండి. వీధిలో మిరపకాయ బజ్జీల దగ్గర మాత్రం నిలబడకండి.

అన్నిటికంటే కష్టం మన పెళ్లిళ్లు. మా మేనకోడలి ముహూర్తం రాత్రి రెండు గంటల నలభై నిమిషాలకు పడింది. నాకు ఆపరేషన్ అయి నాలుగో నెల. ఏడింటికి నా డబ్బా నేను తినేసి, తొమ్మిదింటికి విడిదిలో ఒక గదిలో మిషన్ పెట్టుకుని పడుకున్నాను. బయట బ్యాండు మోగుతోంది. రెండుంపావుకు మా అక్క వచ్చి తలుపు తట్టింది. తలంబ్రాలు చూసి, అక్షింతలు వేసి, మూడున్నరకు మళ్లీ పడుకున్నాను. వియ్యాలవారు రాత్రి పన్నెండుకు ఆకు వేసి పిలిచారట. మా అక్క "మా తమ్ముడు ఏడింటికే తినేశాడు, ఎనిమిదింటికి టిఫినుకు వస్తాడు" అని చెప్పిందట.